ముడుపు కట్టిన విమానం

మా ఇంటి ఎదురుగా ఉన్న కిరాణా దుకాణం అతను దీపాలు పెట్టే వేళకు షట్టరు దించుతాడు. పక్కన పిడి తగిలించి తిప్పుతుంటే గొలుసు కటకటమంటూ కదులుతుంది. ఆ చప్పుడు సగంలో ఒక్క క్షణం ఆగిందంటే చాలు, కంచంలో నా చెయ్యి ఆగిపోతుంది. రేకు నేలను తాకిన చప్పుడు వినేదాకా ముద్ద నోట పెట్టలేను. "తాతా, దుకాణం మూస్తుంటే నీకేంది పరేషాను?" అని మనవరాలు నవ్వుతుంది. దానికేం చెప్పను? చెప్పాలంటే శివలింగప్ప గురించి చెప్పాలి, అది ఇన్నేళ్లూ చెప్పకూడని మాట.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాతి చలికాలం అది. మా మేనమామకు అప్పట్లో భూములూ గర్వమూ రెండూ దండిగా ఉండేవి. నారాయణఖేడ్‌లో మోటారు కారు ఎక్కినవాళ్లే తక్కువ, ఆయన మాత్రం పట్నం వెళ్లి ఇద్దరు పక్కపక్కన కూర్చునే ఒక పాత విమానం కొన్నాడు. అది మామూలు విమానం కూడా కాదు, పైకి లేచాక చక్రాలను పొట్టలోకి ముడుచుకునేది. సీట్ల మధ్య ఒక పిడి ఉండేది. దాన్ని తిప్పితే గొలుసులు లాగి ఆ చక్రాల కాళ్లు లోపలికి పోతాయి, వెనక్కి తిప్పితే దిగుతాయి. తనకు ఎక్కే ధైర్యం లేదు కనుక నడపడం నేర్చుకోవలసింది నేనేనని మామ తేల్చేశాడు. చక్రాలు ముడవని పాతరకం విమానం మీద పట్నంలో అప్పటికే కొంత నేర్చుకున్నాను. ఈ కొత్తదాన్ని నేర్పడానికి శివలింగప్పను కుదిర్చాడు. ఆయన మా బజార్లో బట్టల దుకాణం నడిపే కన్నడ ఇంటివాడు. యుద్ధకాలంలో పాతరకం విమానాల మీద ఎందరికో నేర్పి ఊరికి తిరిగొచ్చాడు. అందరిలాగే నేనూ ఉస్తాద్ అనేవాణ్ణి.

ఊరి బయట మొరం నేలను చదును చేయించి అక్కడ నేర్పేవాడు. ఆయన దిగులంతా ఒక్కటే, దిగేటప్పుడు కాళ్లు దించడం మరిచిపోతానని. ఎక్కడ పడితే అక్కడ "కాళ్లు?" అని అడిగేవాడు. జొన్నరొట్టె తింటుంటే అడిగేవాడు, చెప్పులు వేసుకుంటుంటే అడిగేవాడు. ఒకసారి అంగడిలో ఉల్లిగడ్డలు ఏరుతుంటే వెనక నుంచి "కాళ్లు?" అని గద్దించాడు. "దించిన ఉస్తాద్, గట్టిగున్నయి!" అని అరిచాను. ఉల్లిగడ్డలమ్మే ఆమె నా కాళ్ల వంక చూసి, "ఈ పిలగానికి ఏమన్న సోకిందా ఏంది?" అంది. ఉస్తాద్ మాత్రం నవ్వలేదు.

ఆ భయం ఎందుకో ఒక పొద్దున తెలిసింది. దిగబోతూ ఉండగా ఆయన తీరిగ్గా మా ఇంటి పచ్చిపులుసు సంగతి ఎత్తాడు. చింతపండు ఎంత వేస్తారని అడిగాడు, నేను చెబుతున్నాను. నేల దగ్గరికి వచ్చేసింది. ఉన్నట్టుండి ఆయన చెయ్యి చాచి ఇంజను వేగం పెంచి విమానాన్ని మళ్లీ పైకి లేపాడు. నేను అసలు పిడినే ముట్టలేదు!

"నీ తప్పు కాదు పటేలా," అన్నాడు నెమ్మదిగా. "పాత విమానానికి కాళ్లు ఎప్పుడు కిందనే ఉంటయి. నీ చేతికి గదే అలవాటు. కొత్తది నేర్సుకున్నమనుకుంటం గని, పాత అలవాటు యాడికి పోదు. నాకు గూడ పోలే."

ఇక మా అమ్మ సంగతి. నాకు ముందు పుట్టిన పిల్లలు ఎవరూ దక్కలేదు. నేను మిగిలానని ఆమె ప్రాణమంతా నా మీదే పెట్టుకుని బతికేది. విమానం మాట ఎత్తితే చాలు, పొయ్యి దగ్గర నుంచి లేచి వెళ్లిపోయేది. చివరికి ఒకనాడు తానే మొరం నేలకు వచ్చింది, చేతిలో పసుపు బట్టలో నిజాం సర్కారు హాలీ రూపాయి, వక్క పెట్టి కట్టిన మల్లన్న ముడుపుతో. నేను క్షేమంగా దిగితే దాన్ని విప్పి గుడిలో చెల్లించాలని ఆమె మొక్కు.

"దీన్ని యాడ కట్టాలె?" అని ఉస్తాద్‌ను అడిగింది. "బండికైతె ఇరుసుకు కడ్తం."

"గట్లనే కాలికి కట్టక్కా," అన్నాడాయన. పాత విమానాల కాళ్లకు నిమ్మకాయలు, నల్లదారాలు, తాయెత్తులు ఎన్ని కట్టినా ఎవరికీ ఏమీ కాలేదు. అమ్మ వంగి ఎడమ కాలి కీలు దగ్గర మూడు ముళ్లు వేసింది. నేనూ ఉస్తాదూ పక్కనే నిలబడి చూశాం.

పైకి లేచాక కాళ్లు ముడుస్తుంటే పిడి బరువుగా తిరిగింది. "ఇంక జర బలంగ తిప్పు," అన్నాడు. తిప్పాను. ఊరి చుట్టూ ఒక చుట్టు తిరిగి దిగడానికి పిడి వెనక్కి తిప్పితే సగంలో ఆగిపోయింది. ఆయన తిప్పినా కదల్లేదు. మా కాళ్ల దగ్గర చక్రం కనబడేందుకు చిన్న గాజు బిళ్ల ఉండేది. ఉస్తాద్ వంగి అందులోంచి చూశాడు. లేచేసరికి ముఖంలో నెత్తురు లేదు.

"ముడుపు," అన్నాడు. "గొలుసుల పడ్డది."

కింద మొరం మీద జనం చీమల్లా కనిపిస్తున్నారు. వాళ్లలో అమ్మ ఎక్కడుందో వెతికాను. చచ్చిపోతానన్న భయం కంటే, నా చావుకు కారణం తన ముడి అని ఆమెకు తెలుస్తుందన్న భయం నన్ను ఎక్కువ వణికించింది. ఆయనకూ అదే తట్టినట్టుంది. "ఏమన్న గాని, అక్కకు మాత్రం చెప్పొద్దు," అన్నాడు.

విమానం ముక్కు కిందికి వంచి ఒక్కసారిగా పైకి గుంజమన్నాడు. గుంజాను, ఆ ఊపులోనే ఆయన పిడి మీద పడ్డాడు. మూడోసారికి ఏదో చిట్లినట్టయి కాళ్లు రెండూ దిగాయి. కుడిది బిగుసుకుంది, ఎడమది బిగుసుకోలేదు.

"నేను పిడి ఇడిస్తె కాలు మల్ల ముడుసుకుంటది," అన్నాడు రెండు చేతులతో పిడిని అదిమిపట్టి. "దింపుడు నీదే. కుడి చక్రం మీద దింపు. ఎడమ రెక్క లేపిపట్టు, జల్దీ ఆనియ్యకు."

కుడి చక్రం నేలను తాకింది. ఎడమ రెక్కను ఆపగలిగినంత సేపు ఆపాను. వేగం తగ్గి ఎడమ చక్రం ఆనగానే ఆ కాలు మడతపడింది. పిడి గిర్రున తిరిగి ఆయన కుడి మణికట్టును కొట్టింది. రెక్క మొరాన్ని గీసుకుంటూ, ముందరి పంకా వంగిపోయి, విమానం దుమ్ములో ఆగింది. బతికాం.

జనం పరిగెత్తుకొస్తున్నారు. ఉస్తాద్ వేలాడుతున్న చేతితోనే రెక్క కిందికి దూరి, చిరిగిన పసుపు బట్టను, వంకరపోయిన రూపాయిని లాగి జేబులో కుక్కుకున్నాడు. మామ వస్తూనే, "ఏం జేసినవ్‌రా నా ఇమానాన్ని?" అని అరిచాడు.

"నాదే తప్పు దొరా. పిడి తప్పు తిప్పిన."

నేను నోరు తెరవబోతే ఆయన నా వైపు చూసిన చూపుకు ఆగిపోయాను. అమ్మ నన్ను తడిమి తడిమి చూసుకుని, ఆ తర్వాత విరిగిన కాలు దగ్గర వెతికింది. "ముడుపేది?"

"గాలికి పోయిందక్కా. మల్లన్ననే తీసుకున్నట్టున్నడు."

అమ్మ కళ్లు మూసుకుని దండం పెట్టింది. కళ్లు తెరిచి ఉస్తాద్‌తో, "నువ్వు సంపబోతివి, ఆయన ఆపిండు," అంది.

మామ ఆయన్ను ఆ రోజే పంపేశాడు. విమానం మళ్లీ లేవలేదు. మణికట్టు సరిగా అతకక ఉస్తాద్ దుకాణంలో ఎడమచేత్తో బట్ట కొలిచేవాడు. ఒకసారి దుకాణంలో మేమిద్దరమే ఉన్నప్పుడు, "తప్పు మీది కాదని ఎందుకు చెప్పనియ్యరు?" అని అడిగాను. "నాదెట్ల కాదు? కాలు ముడుసుకుంటదని ఆమెకేం ఎరుక? నాకు ఎరుకనే గద," అన్నాడు. అమ్మ ఆ దుకాణం గడప తొక్కలేదు. బజార్లో ఎదురైతే ముఖం తిప్పుకునేది. పండగలకు బట్టలు వేరే దుకాణంలో కొనేది. "నా కొడుకును మన్నుల కలపబోయినోడు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఆ మాట ఆయన చెవిన పడకుండా ఉంటుందా? పడినప్పుడల్లా తల దించుకునేవాడు.

అమ్మ పోయిన రోజు ఆయన మా వాకిట్లో అందరికంటే వెనక నిలబడ్డాడు. దగ్గరికెళ్లి చేయి పట్టుకుని, "ఇగనన్న చెప్తా ఉస్తాద్," అన్నాను.

"వద్దు పటేలా," అన్నాడు. "తన ముడుపుతోనే కొడుకు దక్కిండని నమ్మి పోయింది. గట్లనే ఉండనియ్యి."

ఆయన కూడా పోయి చాలా ఏళ్లయింది. నేనిక ఎంతోకాలం ఉండను. ఊళ్లో ముసలివాళ్లు ఇప్పటికీ శివలింగప్ప పేరు ఎత్తితే విమానం పడగొట్టినవాడనే అంటారు. ఆ మాట వినలేక ఇది రాస్తున్నాను. అమ్మ వేసిన ముడిని విప్పి అందరి ముందూ పెడుతున్నట్టుంది. రాసింది ఆయన చూసి ఉంటే ఒప్పుకునేవాడు కాదని నాకు తెలుసు.