ఖలీల్ సాబ్ చూపిన ఎర్ర దారం

ఈ పొద్దున మనవరాలికి నూనె అంటుతుంటే నా బొటనవేలు దాని వీపు మీద ఆగిపోయింది. గోరువెచ్చటి నువ్వుల నూనె, సున్నిపిండి, ఏడాది పిల్ల ఒళ్ళు, అన్ని వాసనలూ కలిసి గది నిండుగా ఉన్నాయి. కుడి రెక్క కింద, పాలు ఎక్కువైన కాఫీ రంగులో, కందిబద్దంత మచ్చ. నడుము దగ్గర ఇంకొకటి. తొడ మీద రెండు. లెక్కపెట్టకూడదు అనుకుంటూనే లెక్కపెట్టాను, ఏడు తేలాయి. అవి చేతికి తగిలేవి కావు, చాలామంది కంటికి ఆనేవీ కావు. నా కంటికి వాటిని చూడటం నేర్పినవాడు ఆదోని ఖలీల్ సాబ్. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నేర్పిన చూపు మాత్రం నన్ను వదలలేదు.

ఖలీల్ సాబ్ డాక్టరు. పత్తి మార్కెట్టు వెనక సందులో రెండు గదుల ఆస్పత్రి ఆయనది. పత్తి వచ్చే రోజుల్లో దూది పింజలు గాలికి లోపలికి వచ్చి ఆయన కళ్ళద్దాల మీద, మందు సీసాల మీద వాలేవి. మాటకొకసారి అద్దాలు తీసి చొక్కా కొసతో తుడుచుకునేవాడు. పసిపిల్లల ఒంటి మీద చెయ్యి వేసే ముందు రెండు అరచేతులూ రుద్దుకుని వెచ్చ చేసుకునేవాడు. పెద్దవాళ్ళ దగ్గర ఆ వెచ్చదనం ఏమీ ఉండేది కాదు. హాలహర్వి వైపు నుంచి బిడ్డను భుజాన వేసుకుని వచ్చిన తండ్రిని పట్టుకుని, "జ్వరమొచ్చి నాలుగు దినాలాయె. ఇన్ని దినాలు యాడ నిద్రపోతాంటివప్పా?" అని కసిరేవాడు. ఆ తిట్లు తిన్నవాళ్ళే మళ్ళీ ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు. నాకూ ఆయనంటే మొదట భయమే.

మాది ఎమ్మిగనూరు. నాయన ఈరన్న ఇంట్లోనే గుంత మగ్గం మీద చీరలు నేసేవాడు. గుంతలో కాళ్ళు పెట్టుకుని, నడుముకు పంచె తప్ప ఒంటి మీద ఇంకేమీ లేకుండా కూర్చునేవాడు. ఆ వీపు నిండా ఇవే మచ్చలు. మా తాతకూ ఉండేవట. వాటిని మా ఇంట్లో అమ్మవారి ముద్రలు అనేవాళ్ళు. ముద్రలతో పుట్టినవాడికి మగ్గం తనంతట తానే లొంగుతుందని మా అవ్వ నమ్మకం. తాతా నాయనా ఇద్దరూ మంచి పనివాళ్ళు కావడంతో ఆ నమ్మకానికి అడ్డు చెప్పేవాళ్ళు లేకపోయారు. నాకూ ఆ మచ్చలు ఉన్నాయి గానీ, ఆడపిల్లకు దండగ అనేసింది అవ్వ. నా తర్వాత ఏడేళ్ళకు తమ్ముడు రాఘవ పుట్టాడు. వాడి పొట్ట మీద మచ్చలు తేలిన రోజు అవ్వ వీధంతా బెల్లం పంచిపెట్టింది. ఆ బెల్లం ఇంటింటికీ మోసింది నేనే. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నోరు చేదవుతుంది.

రాఘవకు అయిదో ఏడు వచ్చేసరికి నాయనకు దారపు కండెలు అందించడం వాడి ఆట అయింది. "ఎర్రది ఇయ్యి నాయనా" అంటే చటుక్కున ఇచ్చేవాడు. కొన్నాళ్ళకు ఎడమ పక్కనున్న కండెలు వాడికి దొరకడం మానేశాయి. పక్కనే ఉన్నా తడుముకునేవాడు. మేం నవ్వాం. "పరధ్యానం ఎక్కువైంది వీనికి" అంది అవ్వ. ఆ తర్వాత పొద్దున లేవగానే తలనొప్పి అని ఏడవడం, వాంతులు. అమ్మ అల్లం రసం పోసింది, దిష్టి తీసింది. వాడు గడప తట్టుకుని రెండుసార్లు పడ్డాక నాయన మగ్గం ఆపి అందరినీ ఆదోని బస్సు ఎక్కించాడు. డెబ్బైల మధ్య సంగతి ఇది. అప్పటికి నాకు పన్నెండేళ్ళు.

ఖలీల్ సాబ్ అరచేతులు రుద్దుకుని వాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టాడు. నాయన పంచెకు అంటుకుని వచ్చిన ఎర్ర దారప్పోగు ఒకటి ఆయన కంటపడింది. దాన్ని తీసి, వాడి ఎడమ కన్ను తన చేత్తో మూసి, ముందర ఊపాడు. వాడు చటుక్కున పట్టుకున్నాడు. ఈసారి కుడి కన్ను మూశాడు. దారం అటూ ఇటూ ఊగుతోంది. వాడు నవ్వు ముఖంతో అలాగే కూర్చుని, "దారం యాడుంది సాబ్?" అని అడిగాడు. ఆయన వాడి అంగీ ఎత్తి మచ్చలు చూశాడు. చాలాసేపు చూశాడు. కంటి నరం మీద గడ్డ ఉన్నట్టుందనీ, అది మెదడు లోపలికి పాకినట్టుందనీ, వెంటనే పెద్ద ఆస్పత్రికి పోవాలనీ మెల్లగా చెప్పాడు.

"వీని తల్లి కడుపుతో ఉండి గ్రహణం నాడు బయటికొచ్చినాది సాబ్. వద్దంటే ఇనలేదు. నా మనవణ్ణి అదే తినింది" అంది అవ్వ. అమ్మ గోడ వైపు తిరిగిపోయింది. ఖలీల్ సాబ్ ముఖం ఎర్రబడింది.

"ఈరన్నా, నీ అంగీ విప్పు" అన్నాడు.

నాయన విప్పాడు, మా తాతకూ ఇవే మచ్చలుండేవని చెప్పాడు. ఖలీల్ సాబ్ అవ్వను దగ్గరికి పిలిచి ఆ వీపు చూపించాడు. "చూడవ్వా. ఈ మచ్చలుండే ఇండ్లల్లో కొందరు పిల్లలకు ఆ గడ్డ వస్తది. అందరికీ రాదు, కొందరికే. నీ మొగుని నుంచి నీ కొడుక్కు వచ్చింది, నీ కొడుకు నుంచి వీనికి వచ్చింది. నీ కోడలి తప్పు గోరంత లేదు. ఇంకోసారి ఆ యమ్మను ఒక మాటన్నా నా గడప తొక్కొద్దు."

ఆ రోజు నుంచి అమ్మను ఎవరూ ఏమీ అనలేదు. నాయన మాత్రం అంగీ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కాసేపటికి, "అడ్డం నేసే పేకలో దారం తప్పితే ఆడికే పోతది సాబ్. నిలువు పడుగులో ఒక పోగు తప్పితే, ఆ పడుగు మీద నేసిన చీరలన్నిట్లో తప్పే వస్తది" అన్నాడు. "ఇది పడుగులో తప్పే గదా?" ఖలీల్ సాబ్ అద్దాలు తీసి తుడుచుకున్నాడు. అవునన్నాడో లేదో నాకు గుర్తు లేదు.

పెద్ద ఆస్పత్రిలో నెల రోజులు ఉంచుకుని, చెయ్యగలిగింది లేదని పంపేశారు. ఆ తర్వాత రాఘవ నాలుగు నెలలు బతికాడు. రెండో కన్నూ పోయింది. మగ్గం చప్పుడు వింటూ పడుకునేవాడు, చప్పుడు ఆగితే ఏడ్చేవాడు. అందుకని నాయన నెయ్యడం ఆపలేదు. దారం అయిపోయిన రోజు చప్పుడు కోసం ఉత్త నాడెనే మగ్గంలో అటూ ఇటూ ఆడించాడు. వాడు పోయాక నాయన ఇక ఏనాడూ అంగీ లేకుండా మగ్గంలో కూర్చోలేదు. మా వైపు ఎండల్లో ఆ అంగీ చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయేది, అయినా విప్పేవాడు కాదు. నన్ను దగ్గరికి తీసుకోవడం కూడా మానేశాడు, తనది ఇంకేదో నాకు అంటుతుందన్నట్టు. ఆ వీపును నేను మళ్ళీ చూసింది ఆయన పోయిన రోజు, ఆఖరి స్నానం పోసేటప్పుడు.

ఎనభైలు వచ్చాక నాకు ఆదోని సంబంధం కుదిరింది. ఇంట్లో చెప్పకుండా బస్సెక్కి ఖలీల్ సాబ్ దగ్గరికి పోయాను. నాకు పిల్లలు పుడితే వాళ్ళకూ ఇదే వస్తుందా అని అడిగాను.

"బొమ్మా బొరుసే తల్లీ. మచ్చలు రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా గడ్డ రావాలని లేదు. నీకు రాలేదు గదా."

"మీ బిడ్డకైతే పెండ్లి చేస్తారా సాబ్?"

"చేస్తాను. చేసుకునేవానికి చెప్పి చేస్తాను. నువ్వూ చెప్పు. ఇద్దరికీ తెలిసుంటే బిడ్డల్ని కనిపెట్టుకోనుండొచ్చు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ దినం మీ యమ్మను కాపాడాలని, కోపంలో, మీ నాయనను అందరి ముందరా నిలబెట్టినాను. మెల్లగా చెప్పుండాల్సింది. నువ్వు మెల్లగా చెప్పు. దాచొద్దు మాత్రం బేటీ" అన్నాడు. మచ్చలు ఎన్ని, ఎంతెంత ఉంటే లెక్కలోకి వస్తాయో, పసిబిడ్డ కన్ను మూసి దారం ఎలా ఊపాలో ఆ పూట ఆయనే కూర్చోబెట్టి నేర్పాడు.

పెళ్ళికి వారం ముందు మళ్ళీ పోయాను. "చెప్పినావా?" అని అడిగాడు. "చెప్పినాను సాబ్. పర్వాలేదన్నాడు" అన్నాను. ఆయన ముఖం అలా విచ్చుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. "మంచోడు దొరికినాడు నీకు" అని నా తల మీద చెయ్యి పెట్టాడు. నేను చెప్పలేదు. సంబంధం తప్పిపోతుందని భయం, అంతకు మించి పెద్ద కారణమేమీ లేదు. నన్ను మనిషిని చేసినవాడి ముఖం మీదే నా జీవితంలోకెల్లా పెద్ద అబద్ధం చెప్పాను. తర్వాత ఎక్కడ కనపడినా "మీ ఆయన బాగుండాడా? మంచోడు" అనేవాడు. నేను తల వంచుకునేదాన్ని, ఆయన అది సిగ్గు అనుకునేవాడు.

కొడుకు పుట్టాడు, మచ్చలతోనే పుట్టాడు. పుట్టుమచ్చలు అన్నాను. మా ఆయన నమ్మాడు, ఆ నమ్మకంతోనే కన్ను మూశాడు. పదేళ్ళు ఆ బిడ్డ కళ్ళ ముందర దారం ఊపాను. గడ్డ రాలేదు. గండం గడిచిందనుకున్నాను. ఇప్పుడు రక్తం తీసి చూస్తే ఆ తప్పిన పోగు ఏదో చెప్పేస్తారట. నా కొడుకు పెళ్ళికి ముందు నేను నోరు విప్పి ఉంటే వాడూ కోడలూ తెలిసి నిర్ణయించుకునేవాళ్ళు. నాయన అంగీ తొడుక్కున్నాడు, నేను నోరు కుట్టేసుకున్నాను. ఆయనది కనీసం దుఃఖం, నాది ఉత్త భయం.

స్నానం అయ్యాక పిల్లకు గౌను తొడిగి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. పెట్టెలోంచి ఎర్ర దారం తీశాను. ఎడమ కన్ను మూశాను, పట్టుకుంది. కుడి కన్ను మూశాను. చిన్న చెయ్యి లేవడానికి ఒక్క క్షణం ఆలస్యమైంది. చివరికి పట్టుకుంది. తల ఎత్తితే తలుపు దగ్గర కోడలు నిలబడి ఉంది.

"ఏంది అత్తమ్మా ఆ దారం?"

దాచొద్దు బేటీ అన్న మాట చెవిలో అంత స్పష్టంగా వినపడుతోంది.

"దిష్టికమ్మా" అన్నాను.

కోడలు నవ్వుతూ వచ్చి, నా చేతిలోంచి దాన్ని తీసుకుని పిల్ల మణికట్టుకు ముడివేసింది. రేపటికి నేను ఇంకో దారం వెతుక్కోవాలి.