జేమ్స్ నది దాకా వెళ్ళలేకపోయిన అంకుల్

మా ఇంటి ఓనర్ అంకుల్ మొన్న గురువారం పొద్దున చనిపోయారు. కెనడాలో, సర్రీ అనే ఊళ్ళో, వాళ్ళింటి బేస్‌మెంట్‌లో నేను నాలుగేళ్ళుగా అద్దెకుంటున్నాను. పైన వంటింట్లో ఆయన అడుగుల చప్పుడు వినబడితే నాకు తెల్లారినట్టు. ఆ రోజు వినబడలేదు. వాళ్ళమ్మాయి మెట్ల మీద నిలబడి, "అక్కా, నాన్న ఈజ్ నాట్ వేకింగ్ అప్" అంది. నిద్రలోనే గుండె ఆగిపోయింది. సోమవారం తండ్రీకూతుళ్ళిద్దరికీ కెనడా సిటిజన్‌షిప్ ఓత్, అంటే పౌరసత్వ ప్రమాణం. ఇంక నాలుగు రోజులే ఉంది.

ఆయనది ఒంగోలు పక్కన పల్లె. వాళ్ళ నాన్న వర్జీనియా పొగాకు వేసేవారట. "వర్జీనియా అంటే నాకు ముందు ఆకమ్మా, ఊరు తర్వాత తెలిసింది" అనేవారు. అమెరికాలో ఆ పేరున్న రాష్ట్రంలోనే, రిచ్‌మండ్‌లో, పద్దెనిమిదేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశారు. అమ్మాయికి నాలుగో క్లాసులో వర్జీనియా చరిత్ర ఉండేది. పక్కన కూర్చుని చదివించబోయి ఆయనే అందులో పడిపోయారు.

నేను పార్ట్‌టైమ్ నుంచి వానలో తడిసి వస్తే పైకి పిలిచి టీ ఇచ్చేవారు. ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద వేలితో వంకరగా ఓ గీత గీసి, "ఇదిగో జేమ్స్ నది. ఇంగ్లీషువాళ్ళ ఓడలు ఇక్కడ ఆగాయి" అని మొదలుపెట్టేవారు. ఆకలికి చస్తున్న వాళ్ళకి అక్కడి ఆదివాసులు మొక్కజొన్న పెట్టారు. చివరికి ఆ పెట్టినవాళ్ళ నేలే పోయింది. తర్వాత పొగాకు. ఆ ఆకు కోయడానికి ఆఫ్రికా నుంచి గొలుసులేసి తెచ్చిన మనుషులు. అక్కడికొచ్చేసరికి ఆయనకి చిన్నప్పుడు పొగాకు వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర ఆకు కట్టిన కూలీల చేతులు గుర్తొచ్చేవట. అమెరికా అంతర్యుద్ధంలో రిచ్‌మండ్ తగలబడటం, తెల్లవాళ్ళు నల్లపిల్లల్ని తమ పిల్లల పక్కన కూర్చోబెట్టాల్సి వస్తుందని బడులే మూసేయడం, బానిసత్వం నిలపాలని పోరాడిన సేనానుల విగ్రహాలు మొన్నమొన్న దించడం, పొలాల్లో డేటా సెంటర్లు లేవడం, అన్నీ తన ఇంటి సంగతుల్లా చెప్పేవారు.

"ఎవరు వచ్చారో పుస్తకంలో ఉంటుందమ్మా. ఎవర్ని ఉండనిచ్చారో మనమే వెతుక్కోవాలి."

ఆయన్నీ ఉండనివ్వలేదు. గ్రీన్‌కార్డ్ లైన్ కదల్లేదు. అమ్మాయికి ఇరవై ఒకటి నిండితే డిపెండెంట్ వీసా పోతుందని, ఆలోపే ఇల్లు అమ్ముకుని ఇక్కడికి వచ్చేశారు.

ఒకసారి నా పీఆర్, అదే ఇక్కడ స్థిరపడే అనుమతి, లేటై చిరాగ్గా ఉండి అనేశాను. "మిమ్మల్ని వద్దన్న రాష్ట్రం గొడవ ఇంకా ఎందుకంకుల్?"

ఆయన కప్పు కింద పెట్టారు. "మీ ఆంటీ అక్కడే ఉంది కదమ్మా."

అప్పుడు తెలిసింది నాకు. ఆంటీ కాన్సర్‌తో రిచ్‌మండ్‌లోనే పోయారు. అస్థికలు జేమ్స్ నదిలో కలిపారు. ఇక్కడికొచ్చాక అమెరికా విజిటర్ వీసాకి స్లాట్ దొరకనే లేదు. "సిటిజన్‌షిప్ వస్తే వీసాతో పనిలేదు. పాస్‌పోర్ట్ రాగానే వెళ్దాం. నువ్వూ రా, అన్నీ చూపిస్తా" అన్నారు. సరేనన్నాను. ముందన్న మాటకి సారీ మాత్రం చెప్పలేదు. ఎప్పుడైనా చెప్పొచ్చులే అనుకున్నాను.

బుధవారం సాయంత్రం, ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ చెప్పాల్సిన ఓత్ ప్రాక్టీసు చేస్తూ, "ఫ్రెంచి ముక్క నోరు తిరగట్లేదమ్మా" అని నవ్వారు. నేను ఆయన్ని చూసింది అదే ఆఖరు.

ఆదివారం దహనమైంది. సోమవారం అమ్మాయి ముందు ఓత్‌కి రానంది. కాసేపటికి తనే, "నాన్న వుడ్ బి మ్యాడ్" అని షూ వేసుకుంది. హాల్లో నేను వెనక కూర్చున్నాను. తను పక్క కుర్చీలో, నాన్న కూర్చోవాల్సిన చోట, తన కోటు పెట్టింది. హాలంతా నిండిపోయింది. ఒక పంజాబీ పెద్దాయన చేతికర్రతో వచ్చి, ఆ కుర్చీ చూపించి ఏదో అడిగాడు. తను ఆయన మొహంలోకి చూసింది. తర్వాత కోటు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ప్రమాణం చెయ్యడానికి అందర్నీ లేచి నిలబడమన్నారు. ఆ పెద్దాయన లేవలేకపోతుంటే తను మోచెయ్యి పట్టి లేపింది. ఆ పట్టు వదలకుండానే కుడిచెయ్యి పైకెత్తింది.