ఏడో వాటా

పోయినవాటి లెక్క ముందు చెప్పేస్తాను. ఎడమ చేతి ఉంగరపు వేలికి రెండు కణుపులు. మస్కట్‌లో ఇంకా పద్నాలుగు నెలల గడువు ఉండగానే ఊడిన ఉద్యోగం ఒకటి. తొమ్మిదేళ్లుగా తినని అక్క చేతి వంట. మేనమామగా నేను గంపలో మోసుకురావలసిన మేనకోడలిని వేరెవరో మోసిన పెళ్లి ఒకటి. పోయిన ఆదివారం అక్క ఫోన్ చేసి, బావ ఆ దేశం పూర్తిగా వదిలి వచ్చేశాడనీ, అరసవల్లిలో కట్టిన ఇంటికి గృహప్రవేశమనీ, తమ్ముడు గుమ్మంలో లేకుండా తాను పాలు పొంగించననీ ఏడ్చింది. చీపురుపల్లిలో నా సెంట్రింగు సామాన్ల కొట్టులో కూర్చుని ఈ లెక్క మరోసారి వేసుకున్నాను. ఒక్కటీ తగ్గలేదు.

నాది ఏడో తరగతి చదువు. లెక్క మాత్రం బడిలో నేర్చుకున్నది కాదు. కళింగపట్నం పక్కన మా పేటలో, ఒడ్డున చేపల బుట్టలు దించుతుంటే, బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల కణుపులూ తడుముతూ చేతికి పన్నెండు చొప్పున లెక్కపెట్టే మా అమ్మను చూసి పట్టుకున్నాను. ఆ పన్నెండుతోనే మస్కట్‌లో, ఏ అంతస్తుకు ఎన్ని ఇనప గొట్టాలు పడతాయో కాగితం లేకుండా చెప్పేవాణ్ణి. ఇప్పుడు నా ఎడమ చేతికి పదే.

మా పేటలో పెద్దవల లాగితే చేపలు ఇసుక మీదే పంచేవారు. వలకు ఇంత, పడవకు ఇంత, తాడు పట్టిన ప్రతి మనిషికీ ఒక వాటా. తాడు దగ్గర దెబ్బ తగిలినవాడు మళ్లీ వచ్చి తాడు పట్టేవరకూ, మంచంలో ఉన్నా సరే, వాడి వాటా తీసేవారు, అదీ అందరికంటే ముందు తీసేవారు. మా నాన్న కాలు విరిగి మూడు నెలలు పడుకున్నప్పుడు మా గుమ్మంలోకి రోజూ చేపలు వచ్చేవి. ఎవరూ జాలిమాట అనలేదు, బుట్ట దించి వెళ్లిపోయేవారు. అందుకే మా నాన్న వాళ్ల ముఖం చూసి మాట్లాడగలిగాడు. ఆ వల బావ వాళ్ల నాన్నది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, బావకు పద్ధతి తెలియదేమోనని ఎవరూ అనుకోకూడదు.

మస్కట్‌లో శుక్రవారం సెలవు. మేం పనిచేసే కంపెనీ యార్డులో బావ ఫోర్‌మన్. ఒక శుక్రవారం బావ ఎవరినీ అడగకుండా కంపెనీ పికప్ తీస్తే, మన తీరంవాళ్లం ఏడుగురం ఎక్కి, రెండు గంటల దూరంలో సముద్రం ఒడ్డునున్న చిన్న ఊరికి వెళ్లాం. దాని పేరు నాకు ఇప్పటికీ నోరు తిరగదు. ఖర్జూరపు తోటలు దాటగానే, ఇసుక మీద ఎండబెట్టిన కవళ్ల వాసన తగిలింది. కవళ్లంటే వేలెడు పొడవుండే చేపలు, మన ఒడ్డున పడేవే. ఏడాదిన్నరగా సిమెంటు దుమ్మే పీల్చిన ముక్కుకు ఆ వాసన సోకేసరికి మేమంతా బండిలోంచి తలలు బయటపెట్టాం. ఆ ఒక్క క్షణం తలుచుకున్నప్పుడు మాత్రం ఆ ఊరిమీద నాకు కోపం రాదు.

అక్కడివాళ్లు వలను మనుషులతో కాదు, బండ్లతో లాగుతున్నారు. ఒక బండి చక్రాలు ఇసుకలో కూరుకుపోయి, తాడు వదులై, వల తిరగబడేలా ఉంది. వల యజమాని ముసలాయన చేతులు తిప్పుతూ కేకలు వేస్తున్నాడు. బావ మన బండికి తాడు కట్టమని స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. మేం ఆరుగురం తాడు పట్టాం. వచ్చే తాడును వెనక చుట్టలు చుట్టి పెట్టే పని నాది. మన దగ్గరయితే లాగే ముందు తాడు తలకాడ ఉన్నవాడు కేక వేస్తాడు, తాడు పట్టినవాళ్లు బదులు కేక వేశాకే లాగుతారు. బావ కేక వేయలేదు. ముసలాయన తనను చూస్తున్నాడా లేదా అని కిటికీలోంచి అటు తిరిగి, బండి ఒక్కసారి ముందుకు తోలాడు. నా వేలు తాడు మడతలో ఉంది.

ముసలాయన తన తలగుడ్డ చింపి కట్టు కట్టాడు. ఆయన భాష నాకు రాదు కానీ, బావను తిడుతున్నాడని తెలిసింది. తిరిగొచ్చే దారిలో బావ నావైపు చూడకుండానే అన్నాడు.

"రూము డోర్లో ఏలు పడిందని సెప్పు. తాడంటే, బండెందుకు తీసావని నన్ను ఇంటికి పంపేస్తారు. మీ అక్క ముకం సూడరా."

అక్కకు అప్పటికి ఇద్దరు పిల్లలు. నెప్పిలోనే లెక్క వేసుకున్నాను, సరిపోయింది. ఆసుపత్రిలో డోరు అనే చెప్పాను. సెలవురోజు దెబ్బ కాబట్టి కంపెనీ ఏమీ ఇవ్వలేదు, ఆ తర్వాత నా గడువూ కోసేసింది. ఇంతవరకూ జరిగినదానికి నేను బావను పల్లెత్తు మాట అనలేదు.

ఆ సాయంత్రమే కట్టుతో క్యాంపుకు వచ్చేసరికి, వంటగది వెనక బావ పట్టా పరిచి, ముసలాయన ఇచ్చిన రెండు బుట్టల కవళ్లు పంచుతున్నాడు. కుప్పలు ఆరు. మళ్లీ లెక్కపెట్టాను, ఆరే. మాలో పెద్దాయన ఒకడుండేవాడు, అందరం మావ అనేవాళ్లం. ఆయనే అడిగాడు.

"ఒరే, సిన్నోడి వాటా ఏదిరా? ముందది కదా తియ్యాల?"

బావ చెయ్యి ఆపలేదు. "ఆడు డోర్లో ఏలెట్టుకున్నాడు మావా. తాడుకాడ దెబ్బ తగిలినోడికి కదా వాటా."

"మేం సూడలేదేటి?"

"నువ్వేటి సూసావో నాకు తెలీదు. ఆడినే అడుగు, ఆడే సెప్పాడు."

కంపెనీవాళ్ల ముందు ఆ అబద్ధానికి నేను ఒప్పుకున్నాను. ఇక్కడ ఉన్నది తాడు పట్టి, నా రక్తం చూసిన ఐదుగురు. మన భాష తెలిసిన పరాయివాడు ఆ చుట్టుపక్కల ఒక్కడూ లేడు. మావ తన కుప్ప నావైపు తోసి తినరా అన్నాడు. అది ఆయన వాటా, నాది కాదు. ముట్టుకోలేదు. ఆ రోజు నుంచి బావతో నాకు మాట లేదు.

ఫోన్లో అక్క, సేపల కోసమేటిరా ఇన్నేళ్లు, ఎన్ని బుట్టలు కావాలో సెప్పు, మీ బావ కొనిచ్చేస్తాడు అంది. కొన్నవి వద్దన్నాను. గృహప్రవేశం భోజనాలకు ముందు, ఆనాడు ఉన్నవాళ్లను పిలిచి, అందరికంటే ముందు ఒక కుప్ప తీసి, ఇది తాడుకాడ దెబ్బ తగిలినోడిదని నోటితో అనమన్నాను.

"మీ బావ అనడురా," అని అక్క ఫోన్ పెట్టేసింది.

నా ఈడువాళ్లకు ఇది విడ్డూరంగా తోచదు. ఇప్పుడు మా పేటలోనూ వలను ట్రాక్టరే లాగుతోంది. మనుషులకు రోజుకూలి, సాయంత్రానికి చేతిలో డబ్బు. దెబ్బ తగిలినవాణ్ణి ఆటో ఎక్కించి శ్రీకాకుళం ఆసుపత్రికి పంపి, ఆ తాడు ఇంకొకడికి ఇస్తారు. వాడికి అప్పటితో లెక్క తీరిపోయినట్టే. అటువంటి వాటా ఒకటుండేదని కుర్రాళ్లకు చెబితే, ఊరికే ఎవరిస్తారు అని అడుగుతున్నారు. మావ పోయాడు. మిగిలిన నలుగురిలో ఒకడు ఎక్కడున్నాడో తెలియదు. నాకు రావలసింది ఏమిటో ఎరిగినవాళ్లం ఏటేటా తగ్గిపోతున్నాం, బావ కోరుకునేదీ అదే. నేను గృహప్రవేశానికి వెళ్లలేదు. ఏడింట ఒక వాటా, ఈ రోజుకీ బాకీ.