రెండో భాగం చూసి బస్సెక్కుతానన్నాను

“నేను బయటికొచ్చినంక గుర్తువడతవా మరి?”

“ముందుగాల నువ్వు రా. గుండీలు చూసి చెప్త.”

పంజాగుట్టలో పెద్దాసుపత్రి ఆపరేషన్ గది ముందు మా ఆయన అడిగిందీ, నేను చెప్పిందీ అంతే. అవే మా ఆఖరి మాటలు. మంచం తోస్తున్న నర్సమ్మ ఈ ముసలోళ్లకు మతి పోయిందనుకుని ఉంటుంది. ఆయన మళ్లీ కళ్లు తెరవలేదు గానీ, లోపలికి మాత్రం నవ్వుకుంటూనే పోయాడు. ఆ నవ్వు ఎక్కడిదో తెలియాలంటే, మా పెళ్లైన కొత్తలో టీవీలో వచ్చిన ఒక కథ సంగతి చెప్పాలి. (నాకు సంతకం పెట్టేంత చదువే. నేను చెబుతుంటే మా చెల్లెలి బిడ్డ రాస్తోంది. నా గొంతు బొంగురు, అర్థం కాకపోతే మళ్లీ అడగమన్నాను.)

ఆ రోజుల్లో అమీర్‌పేటలో మనుషుల కన్నా బోర్డులు ఎక్కువ. ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సు కాగితాలే, ఏ మెట్లు చూసినా పుస్తకాలు పట్టుకున్న పిల్లలే. వాళ్లందరికీ ఇంటర్వ్యూకు వేసుకుపోవడానికి చొక్కాలు కావాలి గదా, ఆ చొక్కాల మీదే మా బతుకు. మా ఆయన టైలరు. మగ్గాలు సరిగా నడవక నేతపని ఊరు వదిలి వచ్చినవాడు. ముందు దుకాణం, వెనక ఒక గది. ఆయన కుట్టేవాడు, నేను కాజాలు తీసి గుండీలు వేసేదాన్ని. మనిషి మంచివాడే, మాట మాత్రం పొదుపు. పెళ్లై ఎనిమిది నెలలైనా, ఆయన నాతో అన్నవాటిలో సగం మాటలు “టేపు అందుకో”, “దారం తే” అన్నవే.

మా పై వాటాలో ఇంటి ఓనరమ్మ ఉండేది. గుంటూరు వైపు మనిషి, పిన్నిగారూ అని పిలిచేదాన్ని. టీవీ వాళ్లింట్లోనే. ఒక ఆదివారం పొద్దున అందులో రెండు భాగాల కథ మొదలైంది. ఎక్కడో చుక్కల్లోంచి ఒకడు దిగుతాడు. ఒక ఇంటి మగమనిషిని అచ్చు గుద్దినట్టు తయారై, వాడి స్థానంలో వచ్చి కూర్చుంటాడు. అదే ముక్కు, అదే నడక. ఆ ఇల్లాలు ఏమీ తెలియక అన్నం వడ్డిస్తుంటే, వద్దమ్మా వద్దని టీవీకే చెప్పాను. సరిగ్గా అప్పుడే, మిగిలింది వచ్చే ఆదివారం అని ఆపేశారు.

కిందికి దిగి వచ్చేసరికి మా ఆయన నోట్లో సూది పెట్టుకుని, కదలక మెదలక గుడ్డ వైపు చూస్తున్నాడు. ఈయన స్థానంలో ఎవడన్నా వచ్చి కూర్చుంటే నేనెట్లా పోల్చుకోను? అడుగుదామన్నా ఈయన గురించి నాకేం తెలుసు? అందుకని వారంలోగా గుర్తులన్నీ కూడబెట్టాలని పట్టుబట్టాను.

“నీకు చిన్నప్పుడు ఏమన్న దెబ్బ తాకిందా?”

“మగ్గం గుంతల వడ్డ. మోకాలికి మచ్చున్నది. ఎందుకే?”

“ఊకెనే.”

మర్నాడు వాళ్ల నాయనను ఏమని పిలిచేవాడో అడిగాను. ఆ మర్నాడు, నన్ను చూడవచ్చిన రోజు నేను ఏ రంగు చీర కట్టానో అడిగాను. కత్తెర పక్కన పెట్టాడు.

“చీర యాదికి లేదు. జాకెట్టు చేతులు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి ఉండె. గది ఎవడు కుట్టిండో గని, వానికి దండం.”

నేను పడిపడి నవ్వాను గానీ ప్రశ్నలు మానలేదు. గురువారానికి ఆయన ముఖం మాడిపోయింది. ఏ ఆడమనిషి గురించో నాకెవరో చాడీలు చెప్పారనుకున్నాడు. తిండి తగ్గించాడు. శనివారం టేపు మెడలోంచి తీసి బల్ల మీద కొట్టాడు.

“పోలీసోని లెక్క అడుగుతున్నవ్! నా మీద నమ్మకం లేకుంటే మీ అమ్మగారింటికి పో. రేపు పొద్దుగాల నేనే బస్సెక్కిస్త.”

నా నోటికి బుద్ధి ఉందా?

“రేపు పొద్దుగాలనా? రెండో భాగమున్నది. అది చూసినంక ఎక్కుత.”

ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ కళ్లముందే ఉంది. కాపురం పోయినా పర్వాలేదనిపించే ఆ కథేమిటో చూద్దామని, ఆదివారం దుకాణం మూసి నా వెనకే మెట్లెక్కాడు. నా బట్టల సంచి కింద గుమ్మంలోనే పెట్టి ఉంది.

టీవీలో ఇప్పుడు మొగుళ్లిద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. అసలువాడు తప్పించుకుని వచ్చేశాడట. మా ఆయన నిమిషం కూడా చూడలేదు.

“గీ ఎడమదిక్కోడే దొంగ! చొక్కా చూడుండ్రి, గుండీలు ఆడోళ్ల దిక్కు కుట్టిండ్రు.”

“అబ్బో! ఏం కన్నండీ మీది!” అంది పిన్నిగారు. నాక్కూడా గర్వమేసింది.

ఆ ఇల్లాలు ఇద్దరినీ ఒక్కటే అడిగింది, మన పెళ్లి ఏ వారమైందని. ఒకడు వారం, తిథి, ముహూర్తం టకటకా చెప్పేశాడు. మా ఆయన దొంగ అని చూపినవాడు తల గోక్కుని, “శుక్రవారమా... కాదు కాదు...” అని నీళ్లు నమిలాడు. ఆమె వెళ్లి ఆ నీళ్లు నమిలినవాడి చెయ్యే పట్టుకుంది. వాడే అసలువాడు! రెండోవాడు ఏడుస్తూ చుక్కల్లోకి పోయాడు. (నేనూ వాడి కోసం ఏడ్చాను. పాపం, అన్నీ గుర్తుపెట్టుకున్నాడు గదా.)

“కట్టుకుంటే ఆ పైనుంచి వచ్చినవాడే నయం కదమ్మా!” అంది పిన్నిగారు.

“కథనే తప్పు తీసిండ్రు. టైలర్ని అడగాలె గద,” అన్నాడు మా ఆయన. పోయేదాకా ఆ మాట మార్చలేదు.

అప్పటికి నా వారం రోజుల ప్రశ్నల గుట్టు ఆయనకు తెలిసింది. మెట్ల మీద ఆగాడు. ముఖం మాత్రం ఇంకా గంటు పెట్టుకునే ఉన్నాడు.

“నన్ను వారం దినాలు అడిగితివి. ఇప్పుడు నేను అడుగుత. మన పెళ్లి ఏ వారమైంది?”

నేను నోరు తెరిచాను. బుధవారమా, గురువారమా? ఎంత గుంజుకున్నా గుర్తు రాలేదు.

“ఊఁ, అసలుదానివే,” అన్నాడు. గుమ్మంలోని సంచి తీసి లోపల పెట్టాడు. “అన్నం పెట్టు. ఆకలైతున్నది.”

మగ్గం గుంతలో పడ్డవాడనీ, కాకరకాయ ఇష్టమనీ నాకు తెలిసిందంతా ఆ వారంలోదే. అప్పటి పిచ్చిపిల్లను, నేను అంత భయపడకపోయి ఉంటే, ఆయన గురించి ఈ మాత్రం కూడా చెప్పగలిగేదాన్ని కాదు.

ఇంతే బిడ్డా. ఏదీ, ఒకసారి చదివి వినిపించు. ఆయన మాటలు వచ్చేకాడ జర మెల్లగ చదువు.