ఆరు చుట్లు, రెండు వందల మీటర్లు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, జూన్ మొదటి సోమవారం నాడు, చిక్కబళ్లాపురం నుంచి చింతామణి పోయే దారిలో ఉన్న ఒక ప్రైవేటు నావికా శిక్షణ సంస్థలో నేను బోధకుడిగా చేరాను. అక్కడికి అన్నిటికన్నా దగ్గరి సముద్రం చెన్నైలో ఉంది. బస్సులో పోతే ఒక పగలు పడుతుంది. సంస్థ భవనం అంతకు ముందు పట్టుగూళ్ల గోడౌను. గేటు ముందర సిమెంటుతో ఒక లంగరు చేయించి, నల్లరంగు వేసి నిలబెట్టారు. పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులు దాని పక్కన నిలబడి ఫోటోలు తీసుకునేవారు. ఇక్కడ సముద్రం గురించి చెబుతారన్న నమ్మకం వాళ్లకు కలగడానికి ఆ లంగరు తప్ప వేరే ఆధారం లేదు.

నేను ఇరవై ఎనిమిదేళ్లు సరుకు ఓడల మీద పనిచేసి చీఫ్ ఆఫీసరుగా దిగినవాణ్ణి. ఓడలో క్యాప్టెన్ తర్వాతి స్థానం అది. సరుకు ఎక్కించడం, దించడం, డెక్కు మీది మనుషులు, ప్రాణరక్షణ సామగ్రి అన్నీ అతని బాధ్యత. పని సవ్యంగా జరిగితే పేరు క్యాప్టెన్‌ది, చెడితే తప్పు చీఫ్ ఆఫీసరుది. మోకాళ్లు అరిగాక మా ఊరు మంచేనహళ్ళికి వచ్చి ఊరికే కూర్చోలేక ఈ ఉద్యోగం ఒప్పుకున్నాను. సంస్థ ఛైర్మన్ మొదటి రోజే తన కరపత్రంలో నా పేరు ముందర ‘క్యాప్టెన్’ అని అచ్చు వేయించాడు. ఇన్నేళ్ల సముద్రం ఇవ్వని పదోన్నతి చింతామణి ప్రింటింగు ప్రెస్సులో దొరికింది.

ఛైర్మన్ చెడ్డవాడు కాదు. చింతామణిలో టైల్సు వ్యాపారం చేసి పైకొచ్చిన మనిషి. అందువల్ల మా ఈతకొలనుకి వేసిన టైల్సు చాలా బాగుండేవి. కానీ కొలను అడుగున పగులు ఉండేది. పోసిన నీళ్లు మూడు రోజుల్లో పక్కనున్న ద్రాక్షతోటకి చేరేవి. మా సంస్థను మనస్ఫూర్తిగా మెచ్చుకున్నవాడు ఆ తోట యజమాని ఒక్కడే.

నన్ను తీసుకున్నది ఓడ దారి లెక్కలు చెప్పడానికి. రెండు వారాలకు ఈత నేర్పే మాస్టారు మానేసి వెళ్లిపోవడంతో ఆ పని కూడా నా మెడకు చుట్టారు. ఇన్నేళ్లు ఓడల్లో తిరిగిన మనిషికి ఈత చెప్పడం ఒక లెక్కా అని వాళ్ల ఉద్దేశం. నిజానికి ఆ ఇరవై ఎనిమిదేళ్లలో నేను ఒక్కసారి కూడా సముద్రంలో ఈదలేదు. చీఫ్ ఆఫీసరు ఈదాల్సి వచ్చిందంటే అతను తన అసలు పని సరిగా చేయలేదని అర్థం.

నావికుడి ఈత వేరు, పోటీల ఈత వేరు. నావికుడికి పతకం అక్కర్లేదు, తెల్లారేదాకా తేలి ఉంటే చాలు. అందుకని నాలుగు రకాలు నేర్పుతారు. చేతులు ఒకదాని తర్వాత ఒకటి చాచి వేసే ఫ్రీస్టైల్, మునిగే ఓడ దగ్గర నుంచి త్వరగా దూరం పోవడానికి. కప్పలా కాళ్లు ముడిచి తన్నే బ్రెస్ట్‌స్ట్రోక్, తల పైకుంచి ఎదురుగా చమురో చెత్తో ఉంటే చూసుకోవడానికి. వెల్లకిలా ఈదే బ్యాక్‌స్ట్రోక్, ఒంట్లో సత్తువ దాచుకోవడానికి. పక్కకు ఒత్తిగిలి ఈదే సైడ్‌స్ట్రోక్, ఒక చేత్తో ఇంకొకణ్ణి లాక్కురావడానికి. కేడెట్లు, అంటే శిక్షణలో ఉన్న పిల్లలు, ఒక్కొక్కరికి ఒక రికార్డు పుస్తకం ఉంటుంది. ప్రతి ఈతకూ అందులో ఒక గడి. చివరి గడి రెండు వందల మీటర్లు ఆగకుండా, దేన్నీ పట్టుకోకుండా ఈదడం. ఒక్కో గడి కింద బోధకుడి సంతకం ఉండాలి. ఓడల కంపెనీ చూసేది ఆ సంతకాన్నే.

కొలనులో నీళ్లు లేవు, ఈత ఎట్లా చెప్పాలని ఛైర్మన్‌ను అడిగాను.

“నీళ్లదేముంది సార్, ఈతంటే చేతులూ కాళ్లే కదా. మెస్సులో బెంచీలుండాయి” అన్నాడాయన.

పన్నెండు మంది కేడెట్లు అన్నం తినే బెంచీల మీద బోర్లా పడుకుని మూడు వారాలు ఈదారు. పద్ధతి తప్పకుండా, చాలా శుభ్రంగా ఈదారు. ఎవరూ మునగలేదు. ఒకరోజు కొందరు తల్లిదండ్రులు చూడటానికి వచ్చి చప్పట్లు కూడా కొట్టారు. నాకు మాత్రం రికార్డు పుస్తకం తెరవాలంటే చేయి రాలేదు.

ఆ పన్నెండు మందిలో అశ్వత్థరెడ్డి అని బాగేపల్లి దగ్గరి చాకవేలు ఊరి పిల్లవాడు ఒకడు. ఆరేళ్ల వయసు నుంచి వాళ్ల సేద్యపు బావిలో ఈదుతున్నవాడు. బెంచీ మీద పడుకోమంటే వాడికి అవమానంగా ఉండేది. ఒకరోజు వచ్చి, తమ బావి నిండా నీళ్లున్నాయనీ, అందరినీ అక్కడికి తీసుకుపోదామనీ అన్నాడు. ముందటేడు వానలు గట్టిగా పడి, బాగేపల్లి వైపు ఏళ్ల తరబడి ఎండిన బావులు కూడా నిండాయి. ఛైర్మన్ ఆలోచించకుండా వ్యాను ఇచ్చాడు. మరుసటి నెల కరపత్రంలో ఆ బావి ‘విశాలమైన ఆరుబయటి జలశిక్షణ కేంద్రం’ అయింది.

గుండ్రటి రాతికట్టు బావి అది, ముప్పై అయిదు అడుగుల వెడల్పు. గోడలోంచి అక్కడక్కడా మెట్టురాళ్లు బయటికి పొడుచుకొచ్చి ఉండేవి. అశ్వత్థ తండ్రి గంగిరెడ్డి నాకంటే మంచి బోధకుడు. ఒక్కొక్కడి వీపుకి ఖాళీ నూనె క్యాన్లు కట్టి, నడుముకి తాడు వేసి, గట్టు మీంచి లోపలికి తోసేవాడు.

“మనిషిని ముంచేది నీళ్లు కాదు సార్, భయం. ఫస్ట్ తొయ్యల్ల, మళ్ల నేర్పించల్ల” అనేవాడు.

ఆయన తోశాక నేను నేర్పేవాణ్ణి. రెండు నెలల్లో పన్నెండు మందికీ నాలుగు ఈతలూ వచ్చాయి. మిగిలింది రెండు వందల మీటర్ల గడి. బావిలో అంత దూరం ఎక్కడిది? కాగితం తీసుకుని లెక్క కట్టాను. గోడ వెంబడి ఒక చుట్టు సుమారు ముప్పై మూడు మీటర్లు, ఆరు చుట్లు వేస్తే రెండు వందలు. ఓడ దారి లెక్కలు చెప్పే మనిషిని కాబట్టి లెక్కలో తప్పు రాలేదు. అందరి చేతా ఆరేసి చుట్లు ఈదించి, అందరి పుస్తకాల్లోనూ సంతకం పెట్టాను. అశ్వత్థ ఆరు అడిగితే పద్దెనిమిది వేశాడు. వాడి సంతకం పెట్టేటప్పుడు నాకు గర్వంగా కూడా అనిపించింది.

నవంబరులో చెన్నై నుంచి ఒక ఓడల కంపెనీ తరఫున పరీక్షకుడు వచ్చాడు. నిజమైన క్యాప్టెన్. రికార్డు పూర్తయిన కేడెట్లను ఆయన ఎంపిక చేస్తే జనవరిలో ఓడ ఎక్కుతారు. ఓడల్లో హోదా లెక్క ఎక్కిన రోజు నుంచే మొదలవుతుంది. సముద్రం మీద గడిపిన నెలలు ఇన్ని అని ఉంటేనే తర్వాతి పరీక్ష రాయనిస్తారు. ఒక బ్యాచ్ తప్పితే తోటివాళ్లకంటే ఉద్యోగం పొడుగునా వెనకే. గంగిరెడ్డి అప్పటికే చాకవేలు నుంచి పాతపాళ్య దాకా అందరికీ కొడుకు జనవరిలో ఓడెక్కుతున్నాడని చెప్పేశాడు.

ఆ క్యాప్టెన్ మా ఎండిన కొలను చూశాడు. దగ్గర్లో చెరువు ఉందా అని అడిగాడు. చింతామణి వైపు ఒక చెరువుకి వెళ్లాం. గట్టు నుంచి రెండు వందల మీటర్ల దూరంలో ఎర్ర డ్రమ్ము ఒకటి నీళ్లలో నిలిపి, అక్కడికి నేరుగా ఈదమన్నారు. చేపలు పట్టే మునెప్ప తన పుట్టి పడవ తెచ్చాడు. తాడు కట్టిన లైఫ్‌బాయ్ పట్టుకుని నేను అందులో కూర్చున్నాను. నీళ్లలో పడ్డవాడికి విసిరే, నీటిమీద తేలే చక్రం అది.

ముందు ముగ్గురు దూకారు. అశ్వత్థ అందరికన్నా ముందున్నాడు. ఇరవై బారలు వేశాక కుడికి తిరిగాడు. అట్లాగే తిరుగుతూ పోయి గుండ్రంగా ఒక చుట్టు చుట్టాడు. తమాషా చేస్తున్నాడేమో అనుకున్నాను. ఇదేం పద్ధతని గట్టు మీది క్యాప్టెన్ అడిగితే, అది మా సంస్థ ప్రత్యేక శిక్షణ అని ఛైర్మన్ చెప్పాడట.

రెండో చుట్టు చెరువు నడుమ మొదలుపెట్టి వాడు ఉన్నట్టుండి ఈత ఆపేశాడు. ఎడమ చేయి చాచి నీళ్లమీద తడిమాడు. తల మునిగింది. పైకొచ్చి మళ్లీ అదే చేయి చాచాడు.

పిక్క పట్టేసిందేమో అన్నాను నేను.

“పిక్క కాదు సార్. గోడ ఎతుకుతాండాడు” అన్నాడు మునెప్ప, తెడ్డు వేగంగా వేస్తూ.

అప్పుడు గానీ నాకు తలకెక్కలేదు. వాడు చిన్నప్పటి నుంచి ఈదింది ఆ ఒక్క బావిలోనే. ఎడమవైపు గోడ, అలసినప్పుడు చేయి చాస్తే రాయి. అది లేని నీళ్లు ఉంటాయని వాడి ఒంటికి తెలియదు. మిగతా పదకొండు మందీ రెండు నెలల కిందటే నేర్చుకున్నవాళ్లు కాబట్టి ఆ అలవాటు ఇంకా పడలేదు. వంకరటింకరగా, ఏడుపు ముఖాలతో, కొందరు వెల్లకిలా ఆకాశం చూసుకుంటూ ఎట్లాగో డ్రమ్ము చేరారు. చెడ్డ అలవాటు కుదరాలన్నా ఏళ్ల సాధన కావాలి. బావిలో కప్ప అని సామెత ఉంది గానీ, ఆ కప్ప సముద్రానికి పనికొస్తుందని సంతకం పెట్టిన వాడి గురించి సామెత లేదు.

లైఫ్‌బాయ్ విసిరాను. వాడు పట్టుకున్నాడు. పుట్టిలోకి లాగి, మింగిన నీళ్లు కక్కించాక, వాడన్న మొదటి మాట ఇది:

“ఇంగో రెండు బారలేసింటే రాయి దొరికేది సార్.”

ఓడల మీద తుపానులు చూశాను. అవేవీ ఆ మాటంత భయపెట్టలేదు.

ఇక్కడితో అయిపోవాల్సింది, కాలేదు. క్యాప్టెన్ మంచి మనసుతోనే, కుర్రాడికి పిక్క పట్టేసి ఉంటుంది, రికార్డులో రెండు వందల మీటర్లకు బోధకుడి సంతకం ఉంది, నాకది చాలు అన్నాడు. ఛైర్మన్ నా వైపు చూసి చేతులు జోడించాడు. నేను నోరు మూసుకుంటే పన్నెండు మందీ ఓడెక్కుతారు. నోరు మూసుకోవడం కష్టమైన పనేం కాదు. ఉద్యోగంలో చాలాసార్లు చేశాను.

ఓడ లాగ్‌బుక్కులో తప్పు రాస్తే చెరిపేయకూడదు, కాగితం చించకూడదు. కింది అక్షరాలు కనబడేట్టు ఒకే గీత కొట్టి, పక్కన పొడి సంతకం పెట్టి, తేదీ వేయాలి. ఎవరు తప్పు చేశారో, ఎవరు దిద్దారో తర్వాత చదివేవాళ్లకు తెలియాలి. అశ్వత్థ పుస్తకంలో చివరి గడి మీద అట్లాగే గీత కొట్టాను. తప్పు చేసిందీ నేనే, దిద్దిందీ నేనే. క్యాప్టెన్ ఆ గీతను చూసి, పదకొండు పేర్లు రాసుకుని వెళ్లిపోయాడు.

మూడో రోజు గంగిరెడ్డి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

“మా బావిలో పన్నెండు మందికి నేర్పిస్తిమి సార్. ఈతే రాని పదకొండు మంది ఓడెక్కుతారు. మా వాడు యీడ ఉంటాడు. బాగుండాది.”

తప్పు కొడుకుది కాదు, నాది అన్నాను.

“తప్పు మీది, శిక్ష వానికా?” అన్నాడాయన.

నాకు సిగ్గేసింది. మాస్టారూ అని పిలిపించుకున్న ఏ రోజూ అంత సిగ్గు పడలేదు.

తర్వాతి బ్యాచ్‌కి ఆరు నెలలుంది. వారానికి మూడు రోజులు అశ్వత్థను ఆ చెరువుకే తీసుకుపోయాను. ఆరు బారలకోసారి తలెత్తి అవతలి గట్టున ఒక గుర్తు చూసుకోవడం, రెండు వైపులా ఊపిరి తీసుకోవడం, అలసిపోతే చేయి చాచకుండా వెల్లకిలా తిరిగి తేలుతూ సేద తీరడం, ఇవీ నేను నేర్పినవి. చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. నాతో మాత్రం అవసరమైన దానికంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. మే నెలలో ఆ చెరువులో నేరుగా పోయి నేరుగా వచ్చాడు. అప్పుడు మళ్లీ సంతకం పెట్టాను. జూలైలో ఓడెక్కాడు, పదకొండు మందికి ఆరు నెలలు వెనక. మరుసటి ఏడాది నేను ఉద్యోగం మానేశాను.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇంతే. నేర్పిన చోటే పరీక్ష పెడితే అది పరీక్ష కాదు. లెక్క సరిగా వచ్చినంత మాత్రాన దూరం ఈదినట్టు కాదు. ఇంకొకరి ప్రాణం మీద సంతకం పెట్టేవాడు, ఆ సంతకాన్ని అందరి ముందూ కొట్టేసుకోగలిగితేనే పెట్టాలి.

అశ్వత్థ ఇప్పుడు ఏదో ఆయిల్ ట్యాంకరు మీద ఉన్నాడని విన్నాను. ఇంతవరకు సముద్రంలో ఈదాల్సిన పని పడలేదట. సెలవుల్లో చాకవేలు వస్తే మా ఊరి మీదుగానే పోతాడు గానీ దిగడు. ఫోను చేస్తే ఎత్తడు. వాడికి నా మీద ఇంకా కోపం ఉందని తెలిసినవాళ్లు చెబుతారు. ఉండనీ. కోపం ఉండాలన్నా మనిషి ఉండాలి కదా.