క్రిసోస్తమో కూతురు

మోకా ఊళ్లో బజారు వెనక వీధిలో నెర్సిదాకు ఆడవాళ్ల సెలూన్ ఉంది. పదకొండేళ్లుగా నేను ఆమె దగ్గరే పని చేస్తున్నాను. అక్కడ రేడియోలో ఏ పాటైనా పెట్టుకోవచ్చు, గిటారు మీద పాడే పాత బచాతా పాటలు తప్ప. ఆ గిటారు మొదలవగానే ఆమె వచ్చి స్టేషన్ మార్చేసేది. నచ్చదు కాబోలు అనుకునేదాన్ని.

ఈస్టర్ సెలవులకు నెర్సిదా మనవరాలు యులేసి రాజధాని నుంచి వచ్చింది. పదిహేడేళ్ల పిల్ల. ఒక శనివారం పొద్దున సెలూన్ నిండా జనం ఉండగా ఫోన్‌లో ఒక పాత బచాతా పెట్టింది.

"అమ్మమ్మా, ఈ గొంతు విను! ఎవరో క్రిసోస్తమో అట. చేసింది ఒక్క రికార్డేనట. మా క్లాసులో అందరం ఇదే వింటున్నాం."

"ఆపవే."

"ఇంత మంచి పాటలుంటే మీ కాలం వాళ్లు పట్టించుకోనే లేదు. చెవులు మూసుకుని బతికారా?"

నెర్సిదా చేతిలోని రంగు బ్రష్ పక్కన పెట్టి ఖాళీ కుర్చీలో కూలబడింది.

"ఆయన మా నాన్నే" అంది.

ఆ తరవాత అందరి ముందే చెప్పింది. ఇది జరిగినప్పుడు ఆమెకు పదిహేనేళ్లు. నన్‌ల బడిలో చదువుతోంది. తండ్రి పగలంతా కోకో గింజలు ఎండబెట్టేవాడు, సాయంత్రాలు సారా కొట్ల దగ్గర గిటారు వాయించి పాడేవాడు. బచాతా అంటే తాగుబోతుల పాట అని పెద్దింటి పిల్లలు ముక్కు మూసుకునే రోజులవి. ఒక రోజు బడి నుంచి వస్తుంటే బస్సు రేడియోలో ఆయన పాట వచ్చింది. స్నేహితురాళ్లు పగలబడి నవ్వారు.

"ఏమ్మా, మీ నాన్న గొంతేగా ఇది?" అన్నాడు డ్రైవరు.

"మా నాన్నా? ఛీ! ఈ తాగుబోతు ఎవరో నాకేం తెలుసు?" అంది నెర్సిదా.

దిగేటప్పుడు చూసింది. వెనక సీట్లో, కోకో బస్తా మీద చెయ్యేసుకుని తండ్రి కూర్చుని ఉన్నాడు. తల తిప్పి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఆ సాయంత్రం వేయించిన అరటికాయ ముక్కలు తనే నా కంచంలో వేసి, తిను తల్లీ అన్నాడు. అంతే. మళ్లీ ఇంట్లో గిటారు ముట్టలేదు. నెల తిరక్కుండా ఆ గిటారు కూడా కనబడలేదు."

"క్షమించమని అడగలేదా?" అంది యులేసి.

"ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. ఆయన పోయి పంతొమ్మిదేళ్లయింది."

యులేసి ఫోన్ చేతిలోకి తీసుకుని, "రికార్డు గీతలు పడి రెండో చరణం వినబడట్లేదు. మాటలు చెప్పు, రాసుకుంటాను" అంది.

"నాకు రాదే. నేనెప్పుడూ పూర్తిగా వినలేదు."

పిల్ల ముఖం చూడలేక నేను నేల ఊడ్చే పనిలో పడ్డాను.

మర్నాడు ముగ్గురం తినో అనే ముసలాయన దగ్గరికి వెళ్లాం. క్రిసోస్తమో పక్కన రెండో గిటారు వాయించినవాడు. ఎనభై నాలుగేళ్లు.

"గొంతు పాడైందని చెప్పి గిటారు నాకిచ్చేశాడమ్మా మీ నాన్న" అన్నాడు.

"పాడవలేదు బాబాయ్. నేనే..." అని నెర్సిదా అంతా చెప్పింది.

ముసలాయన కుర్చీ ఆమె వైపు లాక్కున్నాడు. "నీ పరువు పోకూడదని నాక్కూడా అబద్ధం చెప్పాడన్నమాట. నాకు నీ మీద కోపంగా ఉందమ్మా, దాచుకోను. వాడి పక్కన వాయించడమే నా బతుకు, వాడు మానేశాక అదీ పోయింది."

అయినా ఆ రెండో చరణం పిల్లకు నేర్పాడు. అందులో కూతురి ఊసు లేదు. నది దాటి వెళ్లిపోయిన ఒకావిడ గురించి, అంతే. నెర్సిదా గుమ్మం దగ్గరే నిలబడి వింది. ఆ పాట బస్సు సంగతికి ముందుదే అని తెలిసినా, తండ్రి తనను తిట్టిన మాట ఒక్కటైనా అందులో ఉంటే బాగుండునని దారిలో నాతో అంది.

ఇప్పుడు సెలూన్‌లో పాత బచాతాలు వస్తే నెర్సిదా స్టేషన్ మార్చడం లేదు. పాట అయ్యేదాకా కస్టమర్ల వైపు మాత్రం తిరగదు.