ఆఖరు వారం లేని పుస్తకం

మా ఆయనకు డోర్నకల్‌ల రైల్వే నౌకరి. వారానికోసారి ఇంటికొచ్చేటప్పుడు మల్లెపూలు తెచ్చుడు ఎన్నడు యాదికుండేది కాదు గని, స్టేషన్ దుకాణంల వారపత్రిక మాత్రం మరువకుండ తెచ్చెటోడు. పెండ్లైన కొత్తల నాకు ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత ఆయనకంటె ఎక్కువ ఆ పత్రిక కోసమే ఎదురు చూసుడైంది. ఈ మాట ఆయన మొకం మీదనే అన్న, నవ్విండు.

ఆ పత్రికల ఒక సీరియల్ వస్తుండె. మా ఓరుగల్లు కోటల రాజులు ఏలిన కాలం నాటి ప్రేమకథ. అండ్ల నాయిక గుర్రాల బేరం చేస్తది. మొగుడు సచ్చిపోతే ఏడ్సుకుంట మూలకు కూసోలే. సముద్రపు రేవు దాక పోయి, ఓడల నుంచి దిగిన గుర్రాలను కొని, పది మంది మొగోళ్ళను వెంటేసుకొని కోటకు తోలుకొస్తది. తాంబూలం నములుతది, పాచికలాడి గెలుస్తది, పరదేశపోళ్ళతోని వాళ్ళ భాషలనే కొట్లాడుతది. కోట కాడి సిపాయి ఒకడు మనసు పడి వెంబడి తిరుగుతాంటే, "ముందు నా గుర్రాలకు నీళ్ళు పెట్టు, ప్రేమ సంగతి తర్వాత చూద్దాం" అంటది. అబ్బ, ఏం మనిషి! మా గల్లిల ఆడోళ్ళందరికి ఆమె అంటే పానం.

మాకు వరంగల్ బజార్ల ఇత్తడి సామాన్ల దుకాణం ఉండె. మా బావ, అంటే మా ఆయన అన్న, దాన్ని నడిపేటోడు. నేను కాపురానికొచ్చిన ఏడాది తిరగకముందే కడుపునొప్పని దవాఖానకు పోయినోడు మళ్ళ రాలే. నా తోటికోడలిని అక్కా అని పిలిచేదాన్ని. ఇంక ముప్పై ఏండ్లన్న లేవు, పిల్లలు లేరు, లోపలి అర్రల మూలకు కూసున్నది. దుకాణం తాళంచెవులు మాత్రం ఆమె నడుముకే ఉండె. దవాఖానకు పోతా పోతా బావ ఆమె చేతికే ఇచ్చిండు. తీసియ్యమని అడుగ ఎవ్వరికి నోరు రాలే.

ఒకనాడు తలుపు చాటుకుండి అక్కనే మామనడిగింది, దుకాణం నేను నడుపుతనని. మామ చెడ్డ మనిషి కాదు. గని ఆ మాటకు ఉలిక్కిపడ్డడు. "మన ఇంటి ఆడిది గల్లపెట్టె కాడ కూసుంటే బజార్ల నా ఇజ్జత్ ఏం కావాలె బిడ్డా?" అన్నడు. పరకాల నుంచి ఒక షావుకారును మాట్లాడి, దుకాణం ఆయనకు కిరాయికియ్యాలని ఖాయం చేసిండు.

మధ్యాహ్నం పనులైనంక ఇరుగుపొరుగోళ్ళు మా లోపలి అర్రకొచ్చేది. అక్క కూడబలుక్కొని చదువుతది కాబట్టి నేనే పైకి చదివేదాన్ని. నాకేమో సిపాయి ముచ్చట్లు కావాలె. అక్కకేమో బేరం ముచ్చట్లు. "వాని మీసాల సంగతి జర పక్కకు పెట్టే. ఆ గుర్రం ధర ఎట్ల దించిందో మళ్ళ చదువు" అనేది. చచ్చిన మొగుని కొరడా గోడ మీది నుంచి తీసుకొని నాయిక బయలెల్లిన వారం, అక్క గోడ దిక్కు తిరిగి ఏడ్సింది.

"ఆమెను ఎవ్వరు ఆపరు కద చెల్లె?" అన్నది.

"ఆమెను ఆపే మొగోడు ఇంక పుట్టలే" అన్న. అక్క మొకం ఎంత వెలిగిందో నాకు ఇప్పటికి కండ్ల ముందరనే ఉన్నది.

చదివినంక పిన్నులూడదీసి, సీరియల్ పేజీలు మాత్రం అక్క పరుపు కింద దాచేది. కథ అయిపోయినంక బైండింగ్ చేపిచ్చుకునుడు అప్పట్ల అందరిండ్లల్ల రివాజే.

ఆఖరు భాగం రానే వచ్చింది. కోట మీదికి దండు వచ్చింది. సిపాయి సచ్చిండు. ఆమె గుర్రాలన్నిటి తాళ్ళిప్పి వదిలిపెట్టి, పెండ్లన్న కాని ఆ సిపాయి చితిల దూకింది. ఆడోళ్ళంత ముక్కులు చీదుకుంట ఏడ్సుడే. పక్కింటి పెద్దమ్మ కండ్లు తుడుసుకొని, "ఎంత మంచిగ రాసిండమ్మా! ఎంత లోకం తిరిగినా, ఆడిదంటే ఆఖరుకు గట్లుండాలె" అన్నది. అందరు తలకాయలూపిన్రు.

అక్క ఏడ్వలే. "తాళి కట్టినోడు పోతే బతికింది కద. అప్పుడు రాని సావు ఇప్పుడెందుకొచ్చింది?" అన్నది. రాసినోని చేతులు పడిపోను అని నేను మనసుల తిట్టుకున్న. అక్క నమ్ముకున్న ఒక్క మనిషిని వాడు పొట్టన పెట్టుకున్నడు. ఇంక అక్క తాళంచెవులు ఇచ్చేస్తదని నాకు భయం పట్టుకున్నది.

మర్నాడు పొద్దుగాల పరకాల షావుకారు వచ్చి కూసున్నడు. మామ లోపటికి చూసి, "బిడ్డా, తాళంచెవులు పంపియ్యి" అని పిలిచిండు. అక్క తలమీద కొంగేసుకొని తానే బయటి అర్రకొచ్చింది. బావ పోయినంక అదే మొదలు.

"పోయింది ఆయన, మామా. నేను బతికే ఉన్న" అన్నది. నడుముకున్న తాళంచెవులు తీసి చేత పట్టుకున్నది. "దుకాణం తెరువ పోతున్న."

అత్త నెత్తి కొట్టుకున్నది. తన కొడుకు ఇచ్చిపోయిన ఆ తాళంచెవుల మీద పడ్డది మామ చూపు. ఆఖరుకు షావుకారుతోని, "ఛాయ్ తాగి పో అన్నా, కిరాయికిస్తలేము" అన్నడు. అక్క దిక్కు చూడకుండనే లేచి లోపటికి పోయిండు.

తోడుకు నేను పోయిన. బజారంత మమ్మల్నే చూసింది. పొద్దు వాలేదాక ఒక్క గిరాకి రాలే. ఆఖరుకు ధర్మసాగర్ నుంచి వచ్చిన ఒక రైతామె, లోపల ఆడోళ్ళున్నరని చూసి ధైర్యంగ ఎక్కొచ్చి, చెంబు కొన్నది. చుట్టియ్య కాయితం లేదు. అక్క కొంగుల నుంచి మడిచిన పేజీలు తీసింది. ఆఖరు వారం పేజీలు. చెంబును అండ్లనే చుట్టి ఆమె చేతిల పెట్టింది. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

మామ పానం పోయేదాక ఆ దుకాణం మెట్టు ఎక్కలే. ఆ బాధ అక్కకు ఎన్నడు తీరలే. పండుగ పూట మామకని కొత్త చెంబు పంపితే అది అట్లనే మూలకు పడి ఉండేది.

మిగిలిన పేజీలు బైండింగై గల్లి గల్లి తిరిగినయి. కొన్నేండ్లకు ఒక కాలేజీ పిల్ల పుస్తకం వాపసియ్యనీకి దుకాణానికొచ్చింది. "అత్తా, ఆఖరు పేజీలు లెవ్వు. ఆ సిపాయి సచ్చిండా? ఆమె ఏమైంది?" అని అడిగింది.

నేను అక్క దిక్కు చూసిన. అక్క తక్కెడల బిందె పెడుతాంది.

"వాని సంగతి నాకెరుక లేదు బిడ్డా" అన్నది. "ఆమె మాత్రం తెల్లారి లేచి గుర్రాలకు నీళ్ళు పెట్టుకున్నది."